లాగితే పాడే తోలు

ఒక రబ్బరు బ్యాండును రెండు వేళ్ల మధ్య పట్టుకుని మీటండి. ‘టుమ్’ అంటుంది. ఇంకాస్త సాగదీసి మళ్లీ మీటండి. బిరడా తిప్పితే వీణ తీగ శ్రుతి పెరిగినట్టు దీని ధ్వని కూడా పైకి పోవాలి కదా! పోదు. పోయినా ఏదో మొహమాటానికి కొద్దిగా కదులుతుంది. తెగుతుందేమోనని భయపడేంత సాగదీసినా పై షడ్జం మాత్రం అందదు.

ఇప్పుడు దీనికి సరిగ్గా ఎదురు నడిచే వాద్యం ఒకటి ఉంది. ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవాళ్ల చేతిలోని జమిడిక. ఉత్తరాంధ్రలో దీన్నే జముకు అంటారు. కర్నూలు జిల్లా పడమటి అంచున ఆలూరు, హొళగుంద దాటి బళ్లారి వైపు వెళ్తే, జోగమ్మల చేతుల్లో దీని చెల్లెలు చౌడికె కనిపిస్తుంది. జమిడికలో ఉన్నది ఒక్కటే తీగ. చెయ్యి కొద్దిగా బిగిస్తే చాలు, ‘బుయ్ఁ’ అంటూ స్వరం కింది నుంచి పైకి జారుకుంటూ పోతుంది. సడలిస్తే అలాగే దిగొస్తుంది. కథకుడు ప్రశ్న వేస్తే అదీ ప్రశ్న వేస్తుంది. ఏడిస్తే ఏడుస్తుంది.

రెండూ సాగే వస్తువులే. ఒకటి మొండికేస్తుంది, ఇంకొకటి మాట వింటుంది. ఎందుకు?

గొట్టం, తోలు, నరం

జమిడికను దగ్గర్నుంచి చూస్తే ఆశ్చర్యపోయేందుకు ఏమీ ఉండదు. రెండు మూతులూ తెరిచిన కర్ర గొట్టమో ఇత్తడి గొట్టమో, దాదాపు కుంచమంత. ఒక మూతికి మేకతోలు బిగించి ఉంటుంది. ఆ తోలు నడిమధ్య ఒక చిన్న రంధ్రం. అందులోంచి నరం లోపలికి దిగి, గొట్టం పొడవునా వచ్చి, తెరిచి ఉన్న మూతిలోంచి బయటపడుతుంది. లాగినప్పుడు నరం ఊడి రాకుండా తోలు అవతలి వైపు చిన్న బిళ్ల కట్టి ఉంటుంది. ఇవతలి కొసను ఒక కర్రముక్కకు చుడతారు. గొట్టాన్ని చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో కర్రముక్కను లాగి పట్టుకుని, రెండో చేత్తో నరాన్ని మీటుతారు. అంతే.

మెట్లు లేవు. వేలు పెట్టి తీగ పొడవు తగ్గించే పని లేదు. సరిగమలన్నీ పిడికిలి బిగువులోనే ఉన్నాయి. చౌడికెలో నరం రెండో కొసను చేతికి వదలకుండా, గొట్టానికి బిగించిన కర్ర మీద బిరడాకు చుడతారు. అందువల్ల దానికి నిలకడ ఎక్కువ, జారుడు తక్కువ. ఒకే కుటుంబంలో ఇద్దరి స్వభావం ఇంత వేరుగా ఉండడానికి కారణం ఆ ఒక్క కొస ఎవరి చేతిలో ఉందన్నదే.

తీగ శ్రుతిని నిర్ణయించేవి మూడు: దాని పొడవు, దాని బరువు, దాని బిగువు. పొడవు తగ్గితే శ్రుతి పెరుగుతుంది. బరువు పెరిగితే తగ్గుతుంది. బిగువు పెరిగితే పెరుగుతుంది. అయితే బిగువు విషయంలో ప్రకృతి కాస్త పిసినారి. శ్రుతిని రెండింతలు చెయ్యాలంటే, అంటే సా నుంచి పై సా చేరాలంటే, బిగువును రెండింతలు చేస్తే చాలదు. నాలుగింతలు చెయ్యాలి.

> సా నుంచి పై సా దాకా
>
> తీగ పొడవు మారకుండా బిగువు మాత్రమే పెంచుతున్నామనుకుందాం. ఒక కిలో బలంతో లాగినప్పుడు పలికిన స్వరం సా అనుకోండి.
>
> రెండుంబావు కిలోల బలంతో లాగితే పంచమం. నాలుగు కిలోల బలంతో లాగితే పై సా. సరిగ్గా రెండు కిలోల దగ్గర పలికేది ప్రతి మధ్యమం, అంటే స్థాయికి నట్టనడుమ.
>
> ఒక మనిషి చేతికి ఈ బలాలేవీ భారం కావు. జమిడిక పొడవునూ నరం మందాన్నీ ఎంచుకున్నవాళ్లు లెక్క కట్టి ఎంచుకున్నారో, తరాల తరబడి చేసి చూసి ఎంచుకున్నారో గానీ, స్థాయి మొత్తం పిడికిలి శక్తిలోపలే ఇమిడింది.

రబ్బరు ఎందుకు మొండికేస్తుంది

రబ్బరు బ్యాండును సాగదీసినప్పుడు బిగువు పెరుగుతుంది, నిజమే. కానీ దాంతోపాటు పొడవూ పెరుగుతుంది. పొడవు పెరిగితే శ్రుతి తగ్గాలి. ఇటు బిగువు పైకి లాగుతుంటే అటు పొడవు కిందికి లాగుతుంది. సాగిన కొద్దీ బ్యాండు సన్నబడి, ప్రతి అంగుళానికీ బరువు తగ్గుతుంది గనుక కాస్త ఊరట దొరుకుతుంది. మూడూ కలిపి చూస్తే చివరికి మిగిలే లాభం స్వల్పం.

అంకెల్లో చూద్దాం. 10 సెంటీమీటర్ల బ్యాండును 20 దాకా లాగి మీటారు. తర్వాత 30 దాకా లాగి మీటారు. బిగువు రెండింతలైంది. పొడవు మారని తీగైతే ఈపాటికి సా నుంచి ప్రతి మధ్యమానికి చేరుండేది. బ్యాండు లెక్క ప్రకారం రిషభం దాటి గాంధారం అందుకోలేక ఆగిపోతుంది. ఇంకా లాగుతూ పోతే ఆ కాస్త ఎదుగుదల కూడా అడుగడుక్కీ సన్నగిల్లుతుంది.

జమిడిక నరం అలా సాగదు. దాన్ని లాగినప్పుడు లొంగేది ముఖ్యంగా తోలు. అదీ కొద్దిగానే. నడిమధ్య తోలు గొట్టంలోపలికి గుంట పడుతుంది, ఆ గుంట లోతయ్యేకొద్దీ తోలు ఎదురు తిరుగుతుంది. చెయ్యి కదిలిన దూరం తక్కువ, పెరిగిన బిగువు ఎక్కువ. నరం పొడవు దాదాపు మారలేదు కాబట్టి పెరిగిన బిగువంతా శ్రుతిగా మారుతుంది.

ఇక్కడే వాద్యం తయారుచేసేవాడి అసలు చిక్కు మొదలవుతుంది. తోలు బదులు ఒక ఇత్తడి పలకను బిగించామనుకోండి. అది లొంగనే లొంగదు. చెయ్యి వెంట్రుకవాసి కదిలితే స్వరం గంతులేస్తుంది, ఏ స్వరం దగ్గరా నిలపడం ఎవరి తరమూ కాదు. తోలు బదులు పల్చటి రబ్బరు కడితే మోచెయ్యి బారెడు దూరం పోయినా స్వరం సగం దూరమే నడుస్తుంది, పైగా రబ్బరు తానే ధ్వనిని మింగేస్తుంది. ఈ రెండింటి నడుమ ఎక్కడో మనిషి చేతికి, మనిషి చెవికి సరిపడే లొంగుబాటు ఒకటుంది. మేకతోలు ఆ చోట కూర్చుంది. వాద్యాల్లో మెత్తటి, వంగే, సాగే భాగాల గురించి చదివినప్పుడల్లా నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే ప్రశ్న ఇదే: చెయ్యి ఎంత కదిలితే స్వరం ఎంత కదలాలి? పదార్థం ఏదైనా, సిలికోనైనా ఉక్కైనా, జవాబు చెప్పాల్సింది ఈ ప్రశ్నకే.

ఒక్క ఊపుకు రెండు లాగుళ్లు

నరం ఊగితే తోలు ఎందుకు మోగుతుందన్నది ఇంకో చిక్కుముడి. వీణలో తీగ గుర్రం మీద అడ్డంగా పోతుంది. తీగ పైకీ కిందికీ ఊగినప్పుడల్లా గుర్రాన్ని పైకీ కిందికీ ఆడిస్తుంది. జమిడికలో అలా కాదు. నరం తోలుకు నిలువుగా తగిలి ఉంది. నరం పక్కలకు ఊగుతుంది, తోలు ముందుకూ వెనక్కూ కదలాలి. పక్కకు ఊగే ఊపు ముందుకు లాగే లాగుడుగా ఎలా మారుతుంది?

నరం ఎడమకు వంగిన క్షణాన తిన్నగా ఉన్నప్పటికన్నా దాని దారి కాస్త పొడవవుతుంది. ఆ పొడవు కోసం తోలును లాగుతుంది. మధ్యకు రాగానే వదులు చేస్తుంది. కుడికి వంగగానే మళ్లీ లాగుతుంది. అంటే నరం ఒక్కసారి అటూ ఇటూ ఊగేలోపు తోలు రెండుసార్లు గుంజుకుంటుంది. దూలానికి కట్టిన ఉయ్యాలను చూడండి. ఉయ్యాల ఒకసారి పోయి వచ్చేలోపు కింది బిందువును రెండుసార్లు దాటుతుంది, దాటిన ప్రతిసారీ తాడు మీద భారం పెరిగి దూలం కిర్రుమంటుంది. ఒక ఊపుకు రెండు కిర్రులు. జమిడికలోనూ లెక్క అదే. నరం నిటారుగా ఉంటే తోలులోంచి వచ్చే ధ్వని, నరం ఊగే వేగానికి రెట్టింపు శ్రుతిలో ఉంటుంది. చెయ్యి కాస్త వాలి, నరం ఓరగా తగిలితే మూల శ్రుతి కూడా కలుస్తుంది. వాయించేవాళ్లు మణికట్టు తిప్పుతూ నాదం రంగు మార్చడానికి ఇదొక కారణం.

‘బుయ్ఁ’లోని ఆ వంకర కూడా ఇక్కడిదే. గట్టిగా మీటినప్పుడు నరం ఎక్కువ దూరం ఊగుతుంది, సగటు బిగువు ఎక్కువగా ఉంటుంది, స్వరం కాస్త హెచ్చులో మొదలవుతుంది. ఊపు తగ్గేకొద్దీ దిగి అసలు చోట కుదురుకుంటుంది. బిర్రుగా బిగించిన వీణ తీగలో ఈ దిగుడు చెవికి అందనంత చిన్నది. వదులుగా కట్టిన నరంలో అదే వాద్యానికి గొంతు.

డిగ్రీలో భౌతికశాస్త్రం చదివినవాళ్లకు ఇదంతా ఎక్కడో చూసినట్టనిపించాలి. ల్యాబులో మెల్డీ ప్రయోగం గుర్తుందా? విద్యుత్తుతో మోగే శ్రుతిదండం, దానికి కట్టిన దారం, దారం చివర బరువుల పళ్లెం. జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాంజ్ మెల్డీ 19వ శతాబ్దంలో చేసి చూపినది. శ్రుతిదండం దారానికి అడ్డంగా ఊగేలా పెడితే దారం దాని వేగంతోనే ఊగుతుంది. దారం పొడవు వెంబడి ఊగేలా తిప్పి పెడితే దారం సగం వేగంతో ఊగుతుంది. ఎందుకో చెప్పకుండానే రికార్డులో రాయించుకుని మార్కులు వేసే ప్రయోగాల్లో ఇదొకటి. ఆ రెండో అమరికను తలకిందులు చేస్తే జమిడిక. అక్కడ దండం దారాన్ని ఆడిస్తుంది, ఇక్కడ నరం తోలును ఆడిస్తుంది. రెండుకు ఒకటి అన్న లెక్క మాత్రం మారదు.

ఈ సంగతులమీద మనసు పారేసుకున్న పెద్దమనిషి సి.వి. రామన్. బాల్యంలో విశాఖపట్నంలో చదివి, 1907లో కలకత్తాలో ప్రభుత్వ ఆర్థిక శాఖ ఉద్యోగంలో చేరి, సాయంత్రాలు ఇండియన్ అసోసియేషన్ ఫర్ ద కల్టివేషన్ ఆఫ్ సైన్స్ ప్రయోగశాలలో ఆయన పట్టుకు కూర్చున్నది మొదట ఇలాంటి ఊగే దారాలనే. వెలుగు గురించి చేసిన పనికి 1930లో నోబెల్ వచ్చింది గనుక ఈ దారాల కథ వెనకబడిపోయింది. తంబురా, వీణ, మృదంగం, వయొలిన్, వీటన్నిటినీ ఆయన చెవితోపాటు కొలబద్దతోనూ విన్నారు.

నొక్కే తాళ్లు, రుద్దే పుల్ల

బిగువుతోనే శ్రుతి మార్చే వాద్యం ఇంకొకటి ఆలూరు వైపే ఉంది. దసరా రాత్రి దేవరగట్టు కర్రల సమరం అనగానే టీవీలో కర్రలే కనిపిస్తాయి. ఆలూరు పరిసరాల మల్లయ్య భక్తుల్లో కర్ర పట్టని గొరవయ్యలను కెమెరాలు పెద్దగా పట్టించుకోవు. నల్ల కంబళి, తలమీద ఎలుగుబంటి వెంట్రుకల టోపీ, ఒక చేత పిల్లనగ్రోవి, మరో చేత డమరుకం. ఈ డమరుకం నడుము సన్నం. రెండు మూతుల తోళ్లనూ కలుపుతూ తాళ్లు అటూ ఇటూ అల్లి ఉంటాయి. ఇలా తాళ్లు అల్లిన డమరుకం జాతి వాద్యాల్లో నడుము దగ్గర ఆ తాళ్లను నొక్కితే రెండు తోళ్లూ ఒకేసారి బిగుసుకుంటాయి. వదిలితే సడలుతాయి. చెయ్యి తోలును తాకకుండానే తోలు శ్రుతి మారుతుంది.

తెలివంతా నడుములో ఉంది. గొట్టం తిన్నగా ఉంటే తాళ్లు చెక్కకు ఆనుకుని ఉండేవి, నొక్కడానికి చోటు ఉండేది కాదు. మధ్యలో సన్నబడ్డందువల్ల తాళ్లకూ చెక్కకూ మధ్య ఖాళీ వచ్చింది, తాడు లోపలికి వంగే వీలొచ్చింది. కేరళ గుళ్లలోని ఇడక్క ఇదే సూత్రంతో రాగాలే పలికిస్తుంది. పశ్చిమాఫ్రికా యొరుబా జనం చంకలో పెట్టి నొక్కే డోలు వాళ్ల మాటల్లోని హెచ్చుతగ్గులను అనుకరించి ఏకంగా వార్తలు చెబుతుంది. యొరుబాలో స్వరం మారితే అర్థం మారుతుంది కాబట్టి అది సాధ్యమైంది.

పక్క జిల్లా అనంతపురంలో ఉరుము ఉంది. పేరుకు తగ్గట్టు అది మూలుగుతూ గర్జిస్తుంది. ఒక మూతిని పుల్లతో కొడతారు, రెండో మూతిని వంపు పుల్లతో రుద్దుతారు. రుద్దడంలో రహస్యం ‘పట్టు, జారు’. పుల్ల తోలును పట్టి కొంత దూరం తనతో లాక్కుపోతుంది. తోలు బిగువు పెరిగి పెరిగి ఒక్కసారిగా పుల్ల పట్టు విడిపించుకుని వెనక్కి వస్తుంది. వెంటనే పుల్ల మళ్లీ పట్టేస్తుంది. ఇది సెకనుకు ఎన్నో సార్లు జరిగితే మనకు వినిపించేది మూలుగు. వయొలిన్ కమాను తీగ మీద చేసేదీ ఇదే. ఆ పట్టు-జారు లెక్కల్ని రామన్ 1918లో పెద్ద గ్రంథంగానే వెలువరించారు. తర్వాత చెయ్యి వణుకు అడ్డు రాకుండా వయొలిన్‌ను యంత్రంతో వాయించి మరీ పరీక్షించారు. జర్మనీలో హాన్స్ రైఖెల్ అనే గిటారు వాద్యకారుడు 1980ల్లో ఒక పల్చటి చెక్క నాలుకను బల్లకు బిగించి, కమానుతో రుద్దుతూ, వంపుగా చెక్కిన దిమ్మెను దాని మీద దొర్లించి మనిషి గొంతులాంటి కూతలు పుట్టించాడు. దాని పేరు డాక్సోఫోన్. ఉరుము వాయించే దాసరి చేతికి దాన్నిస్తే ఎలా పట్టుకోవాలో అడుగుతాడేమో గానీ ఎందుకు మోగుతోందని మాత్రం అడగడు.

మైనం, రవ్వముద్ద, హార్మోనియం తిత్తి

శాస్త్రీయ సంగీతం కచేరీ వేదిక మీద ఎంత గట్టిగా కూర్చున్నా దాని కాళ్ల కింద మెత్తటి వస్తువులున్నాయి. వీణ 24 మెట్లు నిలబడేది చెక్క మీద కాదు, మైనంలో మసి కలిపి చేసిన ముద్ద మీద. ఆ ముద్దను వేడి చేసి మెట్టును వెంట్రుకవాసి జరిపి మేళం కట్టవచ్చు. ఎండ ముదిరితే అది తనంతట తనే మెత్తబడి జరిగిపోవచ్చు కూడా. మృదంగం ఎడమ మూతి మీద కచేరీకి ముందు తడి రవ్వముద్ద అద్దుతారు. ఆ బరువుకు తోలు నెమ్మదించి మంద్రం పలుకుతుంది. కుడి మూతి మీది నల్లటి ముద్ద మాత్రం శాశ్వతం. మామూలు తోలు కొడితే పుట్టే అనేక ధ్వనులకు ఒకదానితో ఒకటి పొంతన ఉండదు. నల్ల ముద్ద నడుమ మందంగా, అంచుకు పల్చగా ఉండి ఆ ధ్వనుల్ని వరసలోకి తెస్తుంది. రామన్ ఈ సంగతిని 1920లో నేచర్ పత్రికలో ప్రకటించారు.

వీణలో గమకం పుట్టేది తీగను మెట్టు మీద పక్కకు లాగినప్పుడు. లోహపు తీగ సాగేది చాలా తక్కువ గనుక కొద్దిపాటి లాగుడుకే బిగువు దండిగా పెరుగుతుంది. ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరాల దాకా పోవచ్చు. పాలకొల్లు బాలుడు ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్ పట్టుకున్నప్పుడు ఎదురైన చిక్కు కూడా ఇక్కడే. పాశ్చాత్య మాండొలిన్‌కు తీగలు జంటలు జంటలుగా ఎనిమిది ఉంటాయి. జంటను కలిపి లాగితే రెండు తీగలూ ఒకే కొలతలో బిగుసుకోవు, శ్రుతి విడిపోతుంది. ఆయన జంటలు తీసేసి ఒంటి తీగలు వేసి, విద్యుత్ మాండొలిన్‌ను ఐదు తీగలకు తెచ్చి గమకానికి దారి చేశారు. చెక్కలో చేసిన మార్పు కన్నా ఈ తీసివేతే పెద్ద ఆవిష్కరణ అని నా అభిప్రాయం.

హార్మోనియం ఈ వరసకు ఎదురు. లోపల ఇత్తడి నాలుక వంగుతూనే ఉంటుంది, కానీ దాని శ్రుతిని వాయించేవాడు ముట్టుకోలేడు. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఏమీ లేదు. అందుకే గమకానికి పనికిరాదని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని గడప దాటనివ్వలేదు. రాయలసీమ పద్యనాటకం మాత్రం దాన్ని చంకనెత్తుకుంది. శ్రీకృష్ణుడు పద్యం చివర రాగం సాగదీస్తుంటే గొంతు జారుతూ పోతుంది, హార్మోనియం మెట్లెక్కుతూ వెంటాడుతుంది, జనం వన్స్‌మోర్ అంటూనే ఉంటారు. అదే హార్మోనియంలో వాయించేవాడికి కనిపించని ఇంకో మెత్తటి భాగముంది. చేత్తో ఊదే తిత్తి కాక లోపల స్ప్రింగులున్న రెండో తిత్తి. చేతి ఊపు ఆగి ఆగి వస్తున్నా ఈ లోపలి తిత్తి గాలిని దాచుకుని ఒకే ఒత్తిడితో వదులుతుంది. సాగే గుణం ఇక్కడ స్వరాన్ని జార్చడానికి కాదు, నిలకడగా ఉంచడానికి. మెత్తదనమంటే గమకమేనని అనుకోవడానికి లేదు.

పాడే రంపం

కొయ్య కోసే రంపాన్ని కమానుతో వాయించేవాళ్లు యూరప్, అమెరికాల్లో నూరేళ్లకు పైగా ఉన్నారు. పిడిని మోకాళ్ల మధ్య పెట్టి, కొసను చేత్తో వంచుతారు. ఒకవైపే వంచితే ‘టక్’ మని చచ్చిపోతుంది. ఒక చోట ఇటు, మరో చోట అటు వంగేలా, పాములా రెండు వంపులు తెస్తే ఒక్కసారిగా గంటలా మోగుతుంది. వాయించేవాళ్లకు తెలుసు, ఎందుకో తెలియదు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎల్. మహదేవన్ బృందం 2022లో దీన్ని విడమర్చింది. రేకు వంగిన చోట గట్టిబడుతుంది. ధ్వని తరంగం ఆ గట్టి ప్రాంతంలోకి చొరబడలేక వెనక్కి మళ్లుతుంది. రెండు వంపులు కలిసే చోట, అంటే ఇటు వంపు అయిపోయి అటు వంపు మొదలయ్యే చోట, రేకు కొద్దిమేర తిన్నగా ఉంటుంది. కంపనం అక్కడ చిక్కుకుపోతుంది. రెండు వైపులా గట్టి వంపులు కాపలా కాస్తుంటే మోకాలి దాకా గానీ చేతి దాకా గానీ అది చేరదు. చేరితే కదా మెత్తటి మాంసం దాన్ని తాగేసేది! చేతి వంపు మార్చితే ఆ తిన్నటి చోటు జరుగుతుంది, స్వరం జారుతుంది. ఒకే వంపున్న రంపంలో ఇలాంటి చెర లేదు.

1920ల్లో వచ్చిన ఫ్లెక్సటోన్ దీనికి చిన్న చుట్టం. బొటనవేలితో రేకును నొక్కి వంచుతూ ఊపితే చెక్క గుండ్లు తగిలి, భూతాల సినిమాల్లో వినే ఊళ పుడుతుంది. ఇలాంటివన్నీ పిచ్చివాళ్ల పనులు కావని చూపించినవాడు కాలిఫోర్నియాలో బార్ట్ హాప్కిన్. 1985 నుంచి 1999 దాకా కేవలం ప్రయోగాత్మక వాద్యాల కోసమే ఒక పత్రిక నడిపాడు. మన పల్లె వాద్యాలకు అలాంటి పత్రిక ఒకటి ఉండి ఉంటే జమిడిక కొలతలు ఈపాటికి ఎక్కడో అచ్చయి ఉండేవి.

సిలికోన్ మీటలు

ఇప్పటి ప్రయోగాలు ఎక్కువగా మీటల మీద జరుగుతున్నాయి. పియానో మీట నొక్కితే స్వరం వస్తుంది, అంతకుమించి దానితో మాట్లాడలేం. అమెరికాలో లిపాల్డ్ హాకెన్ అనే ఇంజనీరు మీటలే తీసేసి మెత్తటి పొడవాటి పరుపు పెట్టాడు. వేలు పక్కకు జరిపితే స్వరం జారుతుంది, లోతుగా నొక్కితే బిగ్గరవుతుంది. లండన్‌లో రోలి కంపెనీ 2013లో తెచ్చిన సీబోర్డ్ పియానో మీటల ఆకారాన్నే సిలికోన్‌లో పోత పోసింది. వేలిని మీట మీద అటూ ఇటూ ఊపితే కంపితం వస్తుంది. ప్రతి వేలి కదలికనూ విడివిడిగా కంప్యూటరుకు చెప్పే పద్ధతి 2018లో అంతర్జాతీయ ప్రమాణమైంది.

యంత్ర భాగాల్లోనూ ఇదే గాలి. షాంపూ సీసా మూతను చూడండి. దానికి మడతబందు లేదు, మేకు లేదు. ప్లాస్టిక్ పల్చబడిన చోట వంగుతుంది, అంతే. ఇలాంటి వంగే కీళ్లతో మీట చేస్తే గలగలమనదు, అరగదు, నూనె అడగదు. నొక్కి వదిలితే తనంతట తనే పైకి వస్తుంది. వాద్యంలో గలగలమనే చప్పుడు కన్నా పెద్ద శత్రువు లేదు గనుక తయారీదారులకు ఇది వరమే. త్రీడీ ప్రింటరు వచ్చాక మొత్తం మీటల వరసను ఒకే ముక్కగా తీయడం వీలైంది.

కానీ మెత్తటి పదార్థానికి జ్ఞాపకశక్తి ఎక్కువ, అదే దాని జబ్బు. నొక్కి పట్టుకుంటే నెమ్మదిగా సడలుతుంది. వదిలాక వెంటనే పూర్తిగా వెనక్కి రాదు. దిగిన దారి ఒకటి, ఎక్కిన దారి ఇంకొకటి. ఒకే లోతు నొక్కినట్టు వేలికి అనిపిస్తున్నా లోపలి సెన్సరుకు వేరే లెక్క అందుతుంది. కంప్యూటరు దాన్ని సరిదిద్దకపోతే స్వరం తేలిపోతుంది. తోలుకూ ఇదే జబ్బు ఉంది, పైగా తేమ బాధ ఒకటి. గాలిలో తేమ పీల్చుకుంటే సడలుతుంది, అందుకే డప్పును మంట దగ్గర పట్టి కాస్తారు. ఆలూరు ఎండల్లో తోలు బిగుసుకుని ఉంటుంది, వాన పడిన సాయంత్రం నీరసిస్తుంది. 1957లో అమెరికాలో రెమో బెల్లి డ్రమ్ముల మీద బిగించే పాలిస్టర్ పొరల వ్యాపారం మొదలుపెట్టాక ఈ బాధ ప్రపంచమంతా తగ్గుతూ వచ్చింది. మన ఊరేగింపుల్లోని ఫైబర్ డప్పులు ఆ బాటలోవే. డప్పుకు అది సరే. డప్పుకు కావలసింది ఎప్పుడూ ఒకేలా మోగడం. జమిడికకు అదే పొర కడితే తేమ బాధ పోతుంది గానీ పాలిస్టర్ తోలు కన్నా మొండిది. చేతి కొద్ది కదలికకే స్వరం ఎగిరిపడుతుంది, జారుడు చేతికి దక్కదు.

జమిడిక వాయించేవాడికి సడలింపు పెద్ద సమస్య కాదు. అతని స్వరానికి గుర్తు చేతి చోటు కాదు, చెవి. తోలు ఈరోజు నిన్నటికన్నా వదులుగా ఉంటే పిడికిలి ఇంకాస్త బిగుస్తుంది. సిలికోన్ మీట చేసేవాళ్లు సాఫ్ట్‌వేర్‌తో చేయించే దిద్దుబాటును ఇక్కడ మనిషే వింటూ చేస్తున్నాడు. అందుకేనేమో ఇది కథకు తోడుగా ఒక్కరే వాయించే వాద్యంగా నిలిచింది, పదిమంది కలిసి ఒకే శ్రుతిలో వాయించే మేళంలోకి ఎక్కలేదు.

> చేసి చూడండి
>
> జానెడు పొడవున్న లావాటి పీవీసీ పైపు ముక్క, బుడగ, చొక్కా గుండీ, గాలం వేసే నైలాన్ తీగ, పెన్సిలు ముక్క తీసుకోండి.
>
> బుడగ మూతి కత్తిరించి రబ్బరును పైపు ఒక వైపు బిగించండి, చుట్టూ దారం కట్టండి. నడుమ సూదితో చిన్న రంధ్రం చేసి నైలాన్ తీగను దూర్చండి. రబ్బరు చిరగకుండా బయటి వైపు గుండీకి ముడి వెయ్యండి. పైపులోంచి వచ్చిన రెండో కొసను పెన్సిలుకు చుట్టండి. పైపును చంకలో పెట్టి, పెన్సిలు లాగి, తీగను మీటండి.
>
> తర్వాత రబ్బరు తీసేసి మందపాటి పాలిథిన్ కట్టండి. ఆ తర్వాత తడిపి పిండి, బిగించి ఆరబెట్టిన గట్టి బట్ట. దొరికితే పాత డోలు నుంచి ఊడిన తోలు ముక్క. ఒక్కోదానితో సా పెట్టుకుని పంచమం వచ్చేదాకా లాగండి. పెన్సిలు ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో పక్కన స్కేలు పెట్టి ఎవరైనా చూసి రాసుకోవాలి. రబ్బరుకు పెద్ద అంకె వస్తుంది, పాలిథిన్‌కు చిన్నది. తోలు అంకె ఎక్కడ పడుతుందో చూడండి. అదే తోలును రాత్రంతా తడి గుడ్డలో చుట్టి ఉంచి, పొద్దున ఇంకోసారి కొలవండి.